కొండ దారిలో నాలుగో గేరు

మావయ్య కారు మళ్ళీ కొండ సగంలో మొరాయించింది. ఆ సంగతి మావయ్య నోటితో చెప్పలేదు. నోరు విప్పి చెప్పే మనిషే అయితే ఈ కథంతా ఉండేదే కాదు. పొద్దున్నే మేనకోడలు గ్యారేజీ షట్టరు ఎత్తేసరికి ఎదురుగా బూడిదరంగు డీజిల్ కారు, దాని పక్కన తేలు కుట్టిన దొంగలా మావయ్య.

ఆ గ్యారేజీకి యజమాని, మెకానిక్కు, ఊడ్చే మనిషి, అన్నీ మేనకోడలే. పైన అమ్మా మావయ్యలతో కలిసి ఉండే ఇల్లు, కింద గ్యారేజీ. పుట్టినప్పటి నుంచీ ముక్కు మీద కోపం కాబట్టి ఇంట్లో అందరూ చిటపట అంటారు. బోల్టు ఊడి రాకపోతే తిడుతుంది. వస్తే, ఇంతసేపూ ఏం చేస్తున్నావని తిడుతుంది. అయినా ఆ వీధిలో బండికి జబ్బు చేస్తే అందరూ ముందు ఆమె గడపే తొక్కుతారు, ఎందుకంటే తిట్లు ఊరికే వస్తాయి, బండి మాత్రం బాగవుతుంది.

ఏమిటి సంగతని అడిగితే ఏం లేదన్నాడు మావయ్య. ఊరికే ఒకసారి ఆయిలు చూస్తావేమోనని వచ్చానన్నాడు. చిటపట ఆయన మొహం వంక ఒకసారి, కారు వంక ఒకసారి చూసి, కారు జబ్బు చదివే స్కానరు తీసుకొచ్చి స్టీరింగు కింద గుచ్చింది. ఊరికే ఆయిలు చూడమన్న కారు తన కడుపులో ఉన్నదంతా కక్కేసింది. టర్బో దగ్గర గాలి ఒత్తిడి కొలిచే సెన్సరు నుంచి సిగ్నల్ పోయింది. ఒకసారి కాదు, బోలెడుసార్లు.

టర్బో అంటే ఇంజన్లోకి గాలి కుక్కే చిన్న పంకా. ఎంత గాలి వెళ్తోందో ఎప్పటికప్పుడు కబురు పంపడం సెన్సరు పని. ఆ కబురు అందలేదంటే ఇంజన్ కంప్యూటరు హడలిపోయి టర్బోను కట్టిపడేస్తుంది. చదునైన రోడ్డు మీద అదేం తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం బండి ముసలి గాడిదలా నాలుగడుగులకోసారి నిలబడుతుంది. ఆపి, తాళం తిప్పి మళ్ళీ స్టార్టు చేస్తే కాసేపు బాగానే ఉంటుంది. అంతలోనే మళ్ళీ మొదలు.

బానెట్ ఎత్తిన చిటపటకు ఒళ్ళు మండిపోయింది. లోపల సెన్సరు తళతళా మెరుస్తోంది. కొత్తది. ఎవరు మార్చారని అడిగింది. మావయ్య గ్యారేజీ కప్పు వంక శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు. గద్దించి అడగ్గా అడగ్గా, బస్టాండు వెనకాల మెకానిక్కు మార్చాడని బయటపడింది.

"ఇంట్లో మెకానిక్కును పెట్టుకుని బస్టాండు వెనక్కి వెళ్ళావా మావయ్యా?"

"నువ్వు ప్రశ్నలడుగుతావే. అతను ఏమీ అడగడు."

"అడగలేదు కాబట్టే బాగుపడలేదు."

ఈ గొడవంతా పైనుంచి వింటున్న అమ్మ బాల్కనీ లోంచి తొంగి చూసింది. మావయ్యకు అక్క ఆవిడ. తమ్ముడి మీద ఈగ వాలనివ్వదు, కానీ తమ్ముడి గుట్టు కడుపులో దాచుకోవడం మాత్రం ఆవిడ వల్ల కాదు. వాణ్ణి అడిగితే సాయంత్రం దాకా చెప్పడు, నేను చెప్తాను వినమని అక్కడి నుంచే మొదలుపెట్టింది. తమ్ముడు ఫోను ఎత్తకపోయేసరికి కొండ మీది ఆఫీసువాళ్ళు నిన్న ఇంటికే చేశారట. రోజూ ఆలస్యమవుతోందట. ఈ రోజు మధ్యాహ్నం డ్యూటీ ఆఖరి అవకాశమట. ఇవాళ కూడా కారు దారిలో ఆగిందంటే రేపటి నుంచి మబ్బుల మేడంని తీసుకెళ్ళడానికి వేరే బండి పెట్టుకుంటారట.

మావయ్య చేతిలో ఉన్న గుడ్డతో అద్దం మీద లేని మరకను తుడుస్తూ ఉండిపోయాడు.

ఇక మబ్బుల మేడం ఎవరో చెప్పాలి. కొండ మీద వాతావరణ కేంద్రం ఉంది. గాలి ఎటు వీస్తోంది, ఎంత వాన పడింది, ఎండ ఎంత కాసింది అని అక్కడ కొలిచి కిందికి కబురు చేసేది ఆవిడే. యాభైకి దగ్గర పడ్డ మనిషి, ఒంటరి మనిషి. ఆవిడ గొంతు ఎంత మెత్తనంటే, అంగట్లో టమాటాలడిగితే బంగాళాదుంపలు తూచి ఇస్తారు. గట్టిగా కాదనలేక ఆవిడ అవే తీసుకెళ్ళి వండుకుంటుంది. రెండేళ్ళుగా ఆవిడను రోజూ మధ్యాహ్నం కొండెక్కించి రాత్రికి దించేది మావయ్య.

మావయ్యేమో ఒంటికాయ శొంఠికొమ్ము. అక్క కుటుంబమే తన కుటుంబం అనుకుని బతికినవాడు. బావ పోయాక చిటపటను ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించింది ఆయనే. ఆడపిల్లకు స్పానరెందుకని నలుగురూ నవ్వితే, మీ బండ్లు రేపు దీని దగ్గరికే వస్తాయి పొండి అన్నదీ ఆయనే. అలాంటి మనిషి రెండేళ్ళుగా చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. మబ్బు పట్టిందంటే కిటికీ దగ్గరికెళ్ళి, ఇది వానిచ్చే మబ్బు కాదులే అని పండితుడిలా చెప్తున్నాడు. విషయం ఏమిటో ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. ఎవరికీ తెలియదనుకునేది మావయ్య ఒక్కడే.

 ఆ కొండ డ్యూటీ పోతే మావయ్యకు వేరే డ్యూటీలు దొరక్కపోవు. కానీ ఆవిడతో మాట్లాడటానికి వేరే సాకు ఆయనకు ఈ జన్మలో దొరకదు. పోయి పలకరించే ధైర్యం లేదు, ఫోను చేసే ధైర్యం అసలే లేదు. ఈ కారు ఆ కొండెక్కితేనే ఆయన సంతోషం. అది ఆరిపోతే చూసి తట్టుకోవడం చిటపట వల్ల కాదు. అందుకే ఆమె ఇంకా కోపంగా చేతులు పైకి మడుచుకుంది.

ముందు సెన్సరుకు వచ్చే ప్లగ్గు పీకి చూసింది. తుప్పు లేదు, తడి లేదు. మీటరు పెట్టింది. కరెంటు రావలసినంతా వస్తోంది. ఎర్త్ బాగుంది. ఇంజన్ స్టార్టు చేసి, స్కానరు మీద అంకెలు చూస్తూ తీగను అటూ ఇటూ కదిపింది, తట్టింది. అంకెలు చెక్కు చెదరలేదు. తీగ పైకి కొత్త పెళ్ళికొడుకులా నిగనిగలాడుతూ, ఎక్కడా గీత కూడా లేకుండా ఉంది.

కారు తీసుకుని తనే కొండ మొదట్లో ఉన్న ఎత్తు ఎక్కించి దించింది. గుర్రంలా పరిగెత్తింది. బరువుంటే ఆగుతుందేమోనని, పక్కింట్లో గోడ కట్టడానికి తెచ్చిన ఇసుక బస్తాలు బతిమాలి అడిగి డిక్కీలో వేయించింది. అవి చాలవని అమ్మను కూడా రమ్మంది. అమ్మ జుట్టు దువ్వుకుని, చేతిసంచీ తీసుకుని, ఏదో ఊరికి ప్రయాణమైనట్టు దిగొచ్చింది. వెనక సీట్లో మహారాణిలా కూర్చుని వీధి చివరిదాకా కనబడ్డ ప్రతివాళ్ళకూ చెయ్యి ఊపింది. నన్ను ఇసుక బస్తాతో సమానం చేసింది నా కూతురు అని అందరికీ గొప్పగా చెప్పుకుంది.

ఈసారి మావయ్యే నడిపాడు. ఎత్తు రాగానే రెండో గేరు వేశాడు. ఇంజన్ హోరెత్తింది. ఆ హోరుకు మించి అమ్మ గొంతు హోరెత్తింది. పైకి వెళ్ళారు, వచ్చారు. కారు ఒక్క క్షణం కూడా తడబడలేదు. చిటపటకు తల ప్రాణం తోకకొచ్చింది. చెడిపోయిన బండిని బాగు చేయవచ్చు గానీ, చెడిపోనని పట్టుబట్టిన బండిని ఏం చేస్తాం?

కానీ ఆ ప్రయాణంలోనే ఆమె ఒక సంగతి గమనించింది. ఇంజన్ హోరు తప్పిస్తే ఆ కారులో ఇంకే చప్పుడూ లేదు. పాత కారన్నాక తలుపు కిర్రుమనాలి, డాష్‌బోర్డు లొడలొడలాడాలి, పనిముట్ల పెట్టె ఎగిరెగిరి పడాలి. ఇక్కడ పెట్టెకు దుప్పటి చుట్టి ఉంది. డాష్‌బోర్డు సందుల్లో గుడ్డపేలికలు దోపి ఉన్నాయి. తాళాల గుత్తికి ఒకే ఒక్క తాళం ఉంది. రేడియో నొక్కితే పలకలేదు, చూస్తే దాని ఫ్యూజే పీకేసి ఉంది.

"ఏమిటి మావయ్యా, బండి చేత మౌనవ్రతం పట్టించావా?"

"చప్పుడంటే నాకు చిరాకే."

అమ్మతో కలిసి ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్న మనిషి చప్పుడంటే చిరాకనడం చిటపటకు నమ్మబుద్ధి కాలేదు. కానీ అప్పుడు దాన్ని పట్టించుకునే తీరిక లేదు. గ్యారేజీకి రాగానే ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి విచారణ మొదలుపెట్టింది. దిగేటప్పుడు ఆగుతుందా? లేదు. ఒంటరిగా ఎక్కేటప్పుడు? లేదు. మరి ఎప్పుడు?

"ప్యాసింజరు ఉన్నప్పుడు."

"ఏ ప్యాసింజరు?"

"ఉన్న ప్యాసింజరే."

పైనుంచి అమ్మ కిసుక్కున నవ్వింది. చిటపట నవ్వలేదు. మెకానిక్కు బుర్రలో ఒక లెక్క కుదిరింది. అమ్మా ఇసుక బస్తాలూ కలిస్తే మబ్బుల మేడం కంటే రెండింతల బరువు. కాబట్టి బరువు కాదు కారణం. ఆవిడ ఉన్నప్పుడు జరిగేదీ, ఆవిడ లేనప్పుడు జరగనిదీ ఏదో ఒకటి ఉంది. దాన్ని పట్టుకోవాలంటే ఆవిడ కారులో ఉండగానే పట్టుకోవాలి. మధ్యాహ్నం ట్రిప్పుకు స్కానరు పట్టుకుని ముందు సీట్లో నేనూ వస్తానంది.

మావయ్య వద్దే, బాగుండదే, ఆవిడేమనుకుంటుందే అని బతిమాలాడు. కావాలంటే కారే మార్చేస్తానన్నాడు. చివరికి అక్క వంక దీనంగా చూశాడు. అక్క అతని పక్షమే ఎప్పుడూ, కానీ ఇలాంటి విషయంలో కాదు.

"డాక్టరు రోగం చూస్తానంటే సిగ్గుపడతావేమిట్రా? తీసుకెళ్ళు," అంది అమ్మ.

మధ్యాహ్నం అనుకున్న వేళకంటే ముందే బయల్దేరారు. మబ్బుల మేడం తన వీధి మలుపులో గొడుగు, పరికరాల పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. సన్నటి మనిషి, గుండ్రటి కళ్ళజోడు. చిటపటను చూసి ఏదో అంది. చిటపటకు వినబడలేదు.

"నువ్వే కదా మెకానిక్కు అమ్మాయివి, మీ మావయ్యగారు ఎప్పుడూ నీ గురించే చెప్తారు అంటున్నారు," అన్నాడు మావయ్య తలుపు తీస్తూ.

కారు కదిలింది. చిటపట ఒళ్ళో స్కానరు పెట్టుకుని గీతల మీద కళ్ళు పెట్టింది. ఇంజన్ వేగం ఒక గీత, పెడల్ ఒక గీత, గాలి ఒత్తిడి ఒక గీత. వెనక నుంచి మేడం మాటలు మొదలయ్యాయి. పోయిన వారం వాన కొలిచే డబ్బాలో పిట్ట గూడు పెట్టిందట. తీసేయడానికి మనసొప్పక పక్కన ఇంకో డబ్బా పెట్టిందట. దాంతో తల్లిపిట్ట ఏ డబ్బాలో గుడ్లు పెట్టాలో తెలియక రెండింటి మధ్యా తిరిగిందట. చిటపట చెవులు రిక్కించి వింటే సగం అర్థమైంది. మావయ్య మాత్రం ఒక్క మాట కూడా జారవిడవకుండా వింటూ, తలాడిస్తూ, తనలో తను నవ్వుకుంటున్నాడు. ఇంట్లో ఎన్నడూ చూడని నవ్వు అది. చిటపటకు ఒక్కసారి చాలా సంతోషమేసింది, వెంటనే భయం కూడా వేసింది. ఈ కారు ఇవాళ బాగవ్వాలి, ఎలాగైనా బాగవ్వాలి అనుకుంది.

ఎత్తు మొదలైంది. మావయ్య చెయ్యి గేరు మీదికి వెళ్ళింది. రెండో గేరు పడుతుందని చూస్తోంది చిటపట. పడలేదు. నాలుగులో పడింది.

ఇంజన్ వేగం గీత నేల మీదికి దిగింది. పెడల్ గీత ఆకాశానికి అంటింది. కారు లోపల్లోపల గజగజ వణుకుతోంది. టర్బో తన వల్ల అయినంత గాలి కుక్కుతోంది, బండి బరువంతా ఒక్క ఊపిరి మీద మోస్తున్నట్టు మూలుగుతోంది. కానీ ఆ మూలుగు మంద్రంగా, ఎక్కడో కింద ఉంది. దాని మీద మేడం మాట తేటగా వినిపిస్తోంది. తల్లిపిట్ట చివరికి పాత డబ్బాలోనే గుడ్లు పెట్టిందట.

రెండో మలుపు దగ్గర గాలి ఒత్తిడి గీత కత్తితో కోసినట్టు సున్నాకు పడిపోయింది. డాష్‌బోర్డులో పసుపు లైటు వెలిగింది. కారు ఉసూరుమంటూ రోడ్డు పక్కన నిలబడింది.

మావయ్య స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి తల దించుకున్నాడు. మేడం వాచీ చూసుకుని, ఇంకా టైముంది, కంగారేం లేదంది. ముందుకు వంగి స్కానరు చూసి, మా గాలి మీటరు కూడా ఒక్కోసారి ఇలాగే సున్నా చూపిస్తుందని చెప్పింది. కొత్తవాళ్ళు గాలి ఆగిందని రాసేస్తారట. గాలి ఉందో లేదో కాదు, గాలి గురించి కబురు అందలేదు, అంతేనంది. చిటపటకు ఈ మేడం తెగ నచ్చేసింది. తను ఇన్నేళ్ళుగా బండ్లవాళ్ళకు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టిన మాటను ఈవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది.

ఆ నచ్చడం మావయ్య మీద కోపాన్ని ఏమాత్రం తగ్గించలేదు.

"ఈ ఎత్తులో నాలుగో గేరెవరు వేస్తారు మావయ్యా? నాకు డ్రైవింగు నేర్పింది నువ్వే కదా. పొద్దున అమ్మ కూర్చుంటే రెండో గేరు వేశావు. ఇప్పుడేమైంది?"

మావయ్య అలవాటని ఒకసారి, చూసుకోలేదని ఒకసారి గొణిగాడు. చిటపట ఇక అడగడం మానేసి కిందికి దిగి బానెట్ ఎత్తింది.

ఏం జరుగుతోందో ఇప్పుడు ఆమెకు తెలిసింది. ఎక్కడ జరుగుతోందో చూడాలి. మేడంను ముందు సీట్లోకి రమ్మని చేతిలో స్కానరు పెట్టింది. గీత పడగానే చెప్పమంది. మావయ్యను మళ్ళీ స్టార్టు చేసి, బ్రేకు గట్టిగా తొక్కి, గేరు వేసి, క్లచ్ కొద్దికొద్దిగా వదలమంది. ముందుకు వెళ్ళలేని ఇంజన్ తనను పట్టి ఉంచే ఆసరాల మీద ఒక పక్కకు ఒరిగింది. చిటపట లోపలికి వంగి కళ్ళు చిట్లించి చూసింది. కారు లోపల మేడం పెదవులు కదిలాయి.

"పోయిందట!" అని కిటికీ లోంచి కేకేశాడు మావయ్య.

మళ్ళీ చేయించింది. మళ్ళీ మేడం పెదవులు కదిలాయి, మళ్ళీ మావయ్య కేక వినిపించింది. ఈసారి చిటపటకు దొంగ దొరికాడు. సెన్సరు ఇంజన్ మీద ఉంది. దాని తీగను ఎవరో నల్లటి ప్లాస్టిక్ పట్టీతో బండి గోడకు బిగించి కట్టారు. ఇంజన్ నిమ్మళంగా ఉన్నంతసేపూ తీగ వదులుగానే ఉంటుంది. నాలుగో గేరులో ఎత్తెక్కుతూ ఇంజన్ ఒరిగినప్పుడు మాత్రం అది బట్టలారేసే తీగలా బిర్రుగా సాగుతోంది. పైన తొడుగు బాగానే ఉంది. లోపల రాగి తెగి, లాగినప్పుడల్లా దూరం జరిగి, వదిలినప్పుడల్లా మళ్ళీ కలుసుకుంటోంది. బస్టాండు మెకానిక్కు కాదు కదా, బ్రహ్మదేవుడు దిగొచ్చినా గ్యారేజీలో ఇది దొరకదు.

ఇంజన్ ఆపించి ఇద్దర్నీ రమ్మంది. పట్టీ చూపించింది.

"ఇది ఫ్యాక్టరీలో కట్టింది కాదు. ఎవరు కట్టారు?"

"నేనే," అన్నాడు మావయ్య.

"ఎందుకు?"

"ఆ తీగ ఇంజన్ మూతకు తగిలి టకటకమనేది."

"టకటకమంటే నీకేమిటి? డాష్‌బోర్డులో గుడ్డలు దోపావు, పెట్టెకు దుప్పటి కప్పావు, రేడియో గొంతు నొక్కావు, చివరికి సెన్సరు తీగను ఉరి తీశావు. పైగా ఎత్తులో నాలుగో గేరు. అసలు ఏం వినాలని మావయ్యా ఇదంతా?"

అడిగేశాక చిటపట నాలిక్కరుచుకుంది. జవాబు ఆమెకు అడుగుతుండగానే తెలిసిపోయింది. కానీ ప్రశ్న అప్పటికే నోరు దాటింది. మావయ్య ఆమె వంక చూడలేదు. జేబులోంచి రుమాలు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా మబ్బుల మేడం వైపు తిరిగాడు.

"రెండో గేరు వేస్తే ఇంజన్ అరుస్తుందండి. మీ మాట వినబడదు. ఈ దారిలో తప్ప నాకు మీ మాట వినే వీలు ఇంకెక్కడా లేదు. ఒక్క ముక్క కూడా పోగొట్టుకోవాలనిపించలేదండి. అందుకే చప్పుడు చేసేవన్నీ ఆపుకుంటూ వచ్చాను. తప్పయితే క్షమించండి."

ఒకే ఊపులో అన్ని మాటలు మావయ్య మాట్లాడగా చిటపట తన జన్మలో వినలేదు. మేడం కళ్ళజోడు తీసింది. కొంగుతో కాక, పరికరాలు తుడిచే మెత్తటి గుడ్డతో జాగ్రత్తగా తుడిచింది, పెట్టుకుంది, మళ్ళీ తీసి తుడిచింది.  

ఇలాంటి చోట నిలబడకూడదని తెలిసినా, తీగ తెగిన బండిని వదిలి వెళ్ళడం చిటపటకు చేతకాని పని. బానెట్ లోపలికి పూర్తిగా దూరిపోయి పనిలో పడింది. పట్టీని కత్తిరించింది. తొడుగు ఒలిచి చూస్తే రాగి లోపల పచ్చబడి రెండు ముక్కలై ఉంది. చెడిన మేర కోసేసి, మధ్యలో కొత్త ముక్క వేసి అతికింది. పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి, వేడి చేసి బిగించింది. ఇంజన్ ఎంత ఊగినా లాగుడు పడకుండా తీగను కావలసినంత వదులుగా వదిలి, మూతకు తగలకుండా రబ్బరు ముక్క అడ్డం పెట్టింది. పని చేస్తున్నంతసేపూ ఆమెకు కంట్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పొగ అనుకుందామంటే అక్కడ పొగ లేదు. ఆమె నవ్వుతోంది కూడా.

మళ్ళీ పరీక్ష చేయించింది. బ్రేకు, గేరు, క్లచ్. ఇంజన్ ఒరిగింది. మేడం స్కానరు వంక చూస్తోంది. గీత కదల్లేదు. ఇంకా గట్టిగా ఒరిగింది. గీత కదల్లేదు.

చిటపట బానెట్ దించి, ఇద్దర్నీ మళ్ళీ కిందికి రమ్మని, చేతులు తుడుచుకుని, గొంతు సవరించుకుని మెకానిక్కు హోదాలో తీర్పు చెప్పింది. సెన్సరు బాగుంది, టర్బో బాగుంది, ఇక ఈ బండి దారిలో ఆగదు. కానీ ఎత్తులో నాలుగో గేరు మాత్రం కుదరదు. అలాగే నడిపితే ఇంజన్ ఆసరాలు విరిగి కింద పడతాయి. రెండో గేరే వేయాలి, అరిస్తే అరవనీ అంది.

మావయ్య తలూపాడు. బండి బాగైనందుకు సంతోషించాలో, రెండో గేరుకు బాధపడాలో ఆయనకు తెలియడం లేదు. అప్పుడు మబ్బుల మేడం మాట్లాడింది. అటు రోడ్డు మీద వేరే బండ్లేవీ లేవు, ఇంజన్ ఆపి ఉంది. కాబట్టి చిటపటకు కూడా ప్రతి అక్షరం వినబడింది.

"అయితే ఇక దారిలో నేను మాట్లాడితే మీకు వినబడదన్నమాట."

 మావయ్య తలెత్తి, జీవితంలో మొదటిసారి ఆవిడ మొహంలోకి తిన్నగా చూస్తూ చెప్పాడు.

"మీరు మాట్లాడాలనుకున్నప్పుడు బండి ఆపుతానండి. దానికి బండి చెడిపోనక్కర్లేదు. బ్రేకు ఉంది."

మేడం నవ్వింది. ఆవిడ నవ్వు ఆవిడ మాటలా మెత్తగా లేదు. గలగలమంది, కింద లోయలోకి వెళ్ళి మళ్ళీ వచ్చింది. నవ్వుతూనే వెళ్ళి ముందు తలుపు తీసుకుని, వెనక్కి కాదు, ముందు సీట్లోనే కూర్చుంది.

చిటపట తన సంచీ భుజాన వేసుకుని, కింద తనకు చచ్చేంత పని ఉందని, నడిచే వెళ్తానని ప్రకటించింది. ఇంత ఎండలో ఎలా వెళ్తావని మేడం గొడుగు ఇవ్వబోయింది. మీకే కావాలి, పైన వాన కొలవాలి కదా అంటే, గొడుగేసుకుని వాన కొలిస్తే ఉద్యోగం పోతుందంది మేడం. ముగ్గురూ నవ్వారు. వాచీ ప్రకారం ఇంకా తీరిగ్గా వెళ్ళేంత టైముంది. కారు కదిలింది. రెండో గేరు పడింది. ఇంజన్ సింహంలా గర్జిస్తూ ఎత్తెక్కి మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

చిటపట ఆ గర్జన వింటూ కిందికి నడిచింది. ఎంత చక్కగా ఊపిరి తీస్తోందో అని మురిసిపోయింది. నాలుగడుగులు వేసిందో లేదో, పైన ఇంజన్ చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

 అతుకు ఊడిందా? ఇంకెక్కడైనా తెగిందా? రబ్బరు జారిందా? అయ్యో మావయ్యా అనుకుంటూ వెనక్కి తిరిగి, సంచీలో పనిముట్లు గలగలలాడుతుండగా మలుపు దాకా పరిగెత్తింది. పరిగెత్తి అక్కడే ఆగిపోయింది.

రోడ్డు పక్కన చెట్టు నీడలో కారు శుభ్రంగా నిలిపి ఉంది. హ్యాండ్ బ్రేకు వేసి, సిగ్నల్ లైటు కూడా పెట్టాడు మహానుభావుడు. లోపల మావయ్య సీట్లో పక్కకు తిరిగి కూర్చుని వింటున్నాడు. మేడం చేతులు తిప్పుతూ ఏదో చెప్తోంది. ఈసారి పిట్ట సంగతి కాదని మాత్రం దూరం నుంచి కూడా తెలుస్తోంది, ఎందుకంటే చెప్తూ చెప్తూ ఆవిడ మధ్యలో ఆగింది. ఆగి, మావయ్య చెయ్యి పట్టుకుంది.

చిటపట వేళ్ళ మీద నడుస్తూ వెనక్కి వచ్చేసింది. మలుపు దాటాక ఫోను మోగింది. అమ్మ. కారు పైకెళ్ళిందా అనడిగింది. లేదమ్మా, దారిలో ఆగింది అంది చిటపట.

"అయ్యో, మళ్ళీనా? ఇక వాడి డ్యూటీ పోయినట్టేనా?"

"బండి బాగానే ఉందమ్మా. మావయ్యే ఆపాడు."

అవతల చాలాసేపు చప్పుడు లేదు. అమ్మ ఫోనులో అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలు. ఫోను కట్టయిందేమోనని చిటపట తెర వంక చూసుకుంది.

"ఏమంటోందే ఆవిడ?" అంది చివరికి అమ్మ, మబ్బుల మేడం కంటే చిన్న గొంతుతో.

"నాకు వినబడలేదమ్మా. మావయ్యకు వినబడుతోంది, చాలు."

పైన ఇంజన్ మళ్ళీ స్టార్టయింది. రెండో గేరులో, దారంతా అదిరిపోయేలా, కారు కొండెక్కడం మొదలుపెట్టింది.